చేపల చెరువు పడవకు బ్యాటరీ మోటారు: బిగించాలా, వద్దా?

కైకలూరు, ముదినేపల్లి, ఆకివీడు ప్రాంతాల చేపల రైతులు, జలాశయాల్లో వలవేట చేసే చిన్న మత్స్యకారులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. పడవకు బ్యాటరీ మోటారు పెట్టుకుంటే గెడ వేసే కష్టం తప్పుతుందా, పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా అని. అందరికీ ఒకే జవాబు చెప్పలేం. చెరువు ఎంత పెద్దది, మేత ఏ పద్ధతిలో వేస్తున్నారు, నీళ్లు ఎంత లోతు, చార్జింగు ఎక్కడ పెడతారు అన్నవి చూసుకుని తేల్చుకోవాలి. మా అనుభవంలో పది ఎకరాల లోపు చెరువున్న రైతుల్లో చాలామందికి ఇది అవసరం లేదు. అవసరం ఉన్నవాళ్లకు మాత్రం బాగా పనికొస్తుంది.

ముందు పేరు సంగతి చూద్దాం. షాపులో దీన్ని ట్రోలింగ్ మోటారు అంటారు. మన తీరంలో ట్రాలింగ్ అంటే విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి వెళ్లే మరబోట్లు అడుగు వల ఈడ్చుకుంటూ చేసే వేట. ఈ రెండింటికీ సంబంధం లేదు. ట్రోలింగ్ అంటే గాలానికి ఎర తగిలించి, పడవ వెనుక నెమ్మదిగా లాగుతూ చేపను పట్టడం. అమెరికా వంటి దేశాల్లో సరదాగా గాలం వేసేవాళ్లు చప్పుడు లేకుండా, నడక వేగంతో పడవను జరుపుకోవడానికి ఈ మోటారును వాడతారు. బరువులు మోయడానికో, దూరాలు పోవడానికో చేసినది కాదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే షాపువాళ్లు చెప్పే సగం మాటలను మీరే తూకం వేసుకోగలరు.

నీళ్లలో మునిగే గుండ్రటి గొట్టంలో మోటారు, దాని చివర ఫ్యాను, పైకి నిలువు కడ్డీ, కడ్డీ తలకు చేతి పిడి ఉంటాయి. పిడి మెలితిప్పితే వేగం మారుతుంది, పక్కకు జరిపితే పడవ తిరుగుతుంది. దీని బలాన్ని హార్స్‌పవర్‌లో కాకుండా నీటిని వెనక్కి నెట్టే శక్తిగా, పౌండ్లలో చెబుతారు. 55 పౌండ్ల మోటారు అంటే సుమారు 25 కిలోల తోపుడు. అది పూర్తి వేగంలో 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది. రెండూ గుణిస్తే 600 వాట్లు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. అంటే ఇది ఒక హార్స్‌పవర్ మోటారు కూడా కాదు. మేత వేసుకున్న చిన్న పడవను నిలకడ నీటిలో గంటకు 4, 5 కిలోమీటర్ల వేగంతో తీసుకెళ్తుంది. ఇంకా పెద్ద మోటారు పెడితే బరువును, గాలిని తట్టుకుంటుంది గానీ వేగం పెద్దగా పెరగదు. ఫ్యాను రెక్కల అమరికే నెమ్మదిగా పోవడానికి తగ్గట్టు ఉంటుంది.

కొనే ముందు పది రోజులు కాగితం మీద రాయండి

మోటారు ఆదా చేసేది పడవను నెట్టే సమయాన్ని మాత్రమే. మేత సంచి కట్టే సమయం, వల తీసే సమయం, చేప విడదీసే సమయం అలాగే ఉంటాయి. కాబట్టి రోజూ పడవ గట్టు వదిలిన దగ్గర నుంచి తిరిగి వచ్చేదాకా మొత్తం ఎంతసేపు, అందులో ఊరికే నెట్టుకుంటూ పోయింది ఎంతసేపు అనేది పది రోజులు రాసి పెట్టండి. సెల్‌ఫోన్‌లో గడియారం చూసి రాస్తే చాలు.

ఒక ఉదాహరణ చూద్దాం. పది ఎకరాల చెరువు అంటే సుమారు 200 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు. తవుడు, చెక్క కలిపి చిల్లుల సంచుల్లో పోసి, 50 మీటర్లకో వరుసగా పాతిన గెడలకు కడుతున్నారనుకుందాం. నాలుగు వరుసలు తిరిగి గట్టుకు రావడానికి పడవ నడిచేది కిలోమీటరు. మనిషి గెడ వేసి గంటకు రెండు కిలోమీటర్లు నెట్టినా అరగంట. మోటారుతో పావుగంట. ఆదా అయింది పావుగంటే. యాభై సంచులు కట్టడానికి, ఒక్కోదానికి నిమిషం చొప్పున, యాభై నిమిషాలు ఎటూ పడుతుంది. ఆ మిగిలిన పావుగంటకు మీరు కూలీ ఏమైనా తగ్గించి ఇస్తారా? నెల జీతం మీద ఉన్న మనిషి అయితే ఒక్క రూపాయి కూడా మిగలదు. పైగా గెడ వేసే మనిషి స్థానంలో మోటారు పిడి పట్టుకునే మనిషి కూర్చుంటాడు. ఇద్దరు చేసే పని ఇద్దరే చేస్తారు.

అదే 50 ఎకరాల చెరువు అయితే లెక్క మారుతుంది. అదే పద్ధతిలో తొమ్మిది వరుసలు, రానూపోనూ కలిపి నాలుగున్నర కిలోమీటర్లు. గెడతో రెండుంపావు గంటలు, మోటారుతో గంటా పది నిమిషాలు. రోజుకు గంటకు పైగా మిగులుతుంది. ఎండ ముదరక ముందే మేత పూర్తవుతుంది. ఇద్దరు ముగ్గురు చిన్న రైతుల చెరువులు పక్కపక్కనే ఉండి, ఒకే పడవ మార్చుకుంటూ వాడుకునేవాళ్లకు కూడా ఇదే లెక్క సరిపోతుంది. ఒక్కో చెరువు చిన్నదైనా మొత్తం తిరుగుడు పెద్దదవుతుంది కదా. అయితే పడవను గట్టు దాటించడం, బ్యాటరీ మోయడం ఎవరి వంతో ముందే మాట్లాడుకోండి.

మేత పద్ధతి కూడా చూసుకోవాలి. సంచులు కట్టే పద్ధతిలో ప్రతి గెడ దగ్గరా ఆగాలి, కాబట్టి మోటారు లాభం తక్కువ. తేలే పెల్లెట్ మేత చల్లేవాళ్లకు, సున్నం, జియోలైట్ వంటివి చెరువంతా సమంగా చల్లాల్సినవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. పడవ ఒకే నెమ్మది వేగంతో, ఊగకుండా పోతుంటే చల్లే మనిషికి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. గెడతో నెడితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. పెట్రోలు ఇంజను పెడితే నూనె చుక్కలు చెరువులో తేలతాయి. బ్యాటరీ మోటారుకు ఆ బెడద లేదు.

ఇంకో మాట. మీ చెరువులో ఇంకా ఏరేటరు లేకపోతే, చేతిలో ఒక్క యంత్రానికే డబ్బు ఉంటే, ముందు ఏరేటరు కొనండి. మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే చేప నీటి పైకి వచ్చి నోరు తెరుస్తుంది. ఆ పూట మీ పడవ ఎంత వేగంగా వెళ్లినా చేపను కాపాడలేదు.

జలాశయంలో వలవేట చేసేవాళ్లకు

చెరువులో నీళ్లు ఐదారు అడుగులే కాబట్టి గెడ నేలకు అందుతుంది. నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి జలాశయాల్లో గెడ అందదు, తెడ్డు వేయాల్సిందే. సాయంత్రం వల వేయడానికి రెండు కిలోమీటర్లు, తెల్లవారి తీయడానికి మళ్లీ రెండు, ప్రతిసారీ తిరుగు ప్రయాణం. వయసు మీద పడిన మత్స్యకారుడికి భుజాల నొప్పి ఇక్కడే మొదలవుతుంది. ఇలాంటి చోట మోటారు పెట్టుకోవడంలో అర్థం ఉంది. ఆదా అయ్యే నిమిషాల కన్నా, వల దగ్గరకు అలసిపోకుండా చేరడం ముఖ్యం. వల లాగడానికి బలం మిగులుతుంది.

కానీ రెండు జాగ్రత్తలు. మొదటిది గాలి. పొద్దున ప్రశాంతంగా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి అలలెత్తుతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి ఎదురైతే చిన్న మోటారు పడవను ముందుకు తీసుకెళ్లలేక అక్కడే తిప్పుతూ ఉంటుంది, బ్యాటరీ మాత్రం ఖర్చవుతుంది. అందుకే బ్యాటరీలో వాడుకోదగ్గ చార్జిని మూడు వంతులు చేసుకోండి. ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు అక్కరకు. మూడో వంతు మీద రోజూ ఆశ పెట్టుకోకూడదు. తెడ్లు ఎప్పుడూ పడవలోనే ఉండాలి.

రెండోది నీటి కింద మోడులు. జలాశయంలో మునిగిన చెట్ల మొదళ్లు నీటిమట్టం తగ్గినప్పుడు పైకి అందుతాయి. ఫ్యాను వాటికి కొట్టుకుంటే దాన్ని పట్టి ఉంచే చిన్న పిన్ను తెగుతుంది. ఆ పిన్ను తెగేటట్టే పెడతారు, మోటారును కాపాడటానికి. పిన్ను తెగితే మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తుంది కానీ పడవ కదలదు. రెండు పిన్నులు, ఒక నట్టు, నట్టుకు సరిపోయే పానా పడవలో డబ్బాలో వేసి ఉంచుకోండి. పిన్ను లేదని గట్టి ఇనుప మేకు వేస్తే ఈసారి మోటారు ఇరుసే వంగుతుంది.

పుట్టిలో వేట చేసేవాళ్లు ఈ మోటారు జోలికి పోవద్దు. పుట్టి గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఒక పక్క నెడితే ముందుకు పోయే బదులు గిర్రున తిరుగుతుంది. థర్మాకోల్ తెప్పకు మోటారు బిగించే గట్టి చోటే ఉండదు. పారే నదిలో, సముద్రపు పోటు పాట్లున్న కాలువల్లో, కోరింగ మడ అడవుల వైపు కూడా ఇదే మాట. నీటి పరుగు మోటారు వేగంతో సమానమైతే మీరు ఉన్నచోటే ఉంటారు. వరద గోదావరిలో దీన్ని నమ్ముకోవడం ప్రాణాంతకం.

ఎన్ని పౌండ్ల మోటారు?

పడవ, మనుషులు, మేత, బ్యాటరీ కలిపి మొత్తం బరువు వేయండి. ప్రతి 100 కిలోలకు సుమారు 4.5 పౌండ్ల తోపుడు కనీసం కావాలి. 180 కిలోల ఫైబరు పడవ, ఇద్దరు మనుషులు 130 కిలోలు, 50 కిలోల మేత బస్తాలు ఎనిమిది, బ్యాటరీ 50 కిలోలు అనుకుంటే మొత్తం 760 కిలోలు. 34 పౌండ్లు వస్తుంది. గాలిని దృష్టిలో పెట్టుకుని 45 నుంచి 55 పౌండ్లది తీసుకోవాలి. ఇనుప రేకు పడవ ఇంకా బరువు ఉంటుంది, అంచనా పెంచుకోండి. 30 పౌండ్ల మోటారు చవకగా వస్తోందని తెచ్చుకుంటే ఎప్పుడూ పూర్తి వేగంలోనే నడపాల్సి వస్తుంది. ఎప్పుడూ పూర్తి వేగంలో నడిపే మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీని కూడా తినేస్తుంది.

వేగం మార్చే పద్ధతిలోనూ రెండు రకాలున్నాయి. కొన్ని మోటార్లలో ఐదు మెట్లు ఉంటాయి. ఇవి తక్కువ వేగంలో కూడా కొంత కరెంటును వేడిగా వృథా చేస్తాయి. మరికొన్ని పిడి తిప్పినకొద్దీ ఎలక్ట్రానిక్ పద్ధతిలో వేగాన్ని తగ్గించుకుంటాయి. ఇవి ధర ఎక్కువైనా, మేత చల్లేటప్పుడు రోజంతా సగం వేగంలోనే నడుపుతాం కాబట్టి బ్యాటరీ చాలాసేపు వస్తుంది. రోజూ వాడేవాళ్లకు రెండో రకమే మంచిది.

బ్యాటరీ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు

మోటారు బాగుంది కానీ ఆరు నెలలకే బలం తగ్గిందని వచ్చే ఫిర్యాదుల్లో దోషం ఎక్కువగా బ్యాటరీదే ఉంటుంది. ఇంట్లో పాత ట్రాక్టరు బ్యాటరీ ఉంది, దాంతో నడిపిద్దాం అనుకోవద్దు. ట్రాక్టరు, లారీ బ్యాటరీలు ఇంజనును స్టార్ట్ చేయడానికి కొన్ని క్షణాలు భారీగా కరెంటు ఇచ్చి, వెంటనే మళ్లీ నిండేటట్టు తయారైనవి. గంటల తరబడి ఖాళీ చేస్తే కొద్ది నెలల్లోనే లోపలి పలకలు చెడిపోతాయి. మనకు కావాల్సింది ఇంట్లో ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ రకం, లేదా లిథియం ఫాస్ఫేట్ రకం.

150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ మీద రాసిన అంకె 20 గంటలపాటు నెమ్మదిగా వాడితే వచ్చేది. పైగా సగం కన్నా ఎక్కువ ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది. అంటే రోజూ వాడుకోదగ్గది 75 మాత్రమే. 25 ఆంపియర్లు లాగే సగం వేగంలో మూడు గంటలకు దగ్గరగా వస్తుంది. 50 ఆంపియర్లు లాగే పూర్తి వేగంలో లెక్కకు గంటన్నర, నిజంగా గంటకు కాస్త అటూ ఇటూ. వేగంగా లాగినకొద్దీ లెడ్ బ్యాటరీ ఇచ్చేది తగ్గిపోతుంది. షాపులో 150ని 50తో భాగించి మూడు గంటలు వస్తుందని చెబితే నమ్మకండి.

100 ఆంపియర్ అవర్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీని 80 శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. ఇది పదమూడు కిలోలకు మించదు, ట్యూబులర్ 50 నుంచి 60 కిలోలు ఉంటుంది. గట్టు మీద నుంచి జారుడు మెట్ల మీదుగా రోజూ 55 కిలోలు దించి, మళ్లీ ఎక్కించే మనిషి ఎవరో ముందే ఆలోచించుకోవాలి. లిథియం ధర ఎక్కువే. అయినా చాలా ఎక్కువసార్లు చార్జింగుకు నిలుస్తుంది కాబట్టి రోజూ వాడేవాళ్లకు చివరికి అదే చవక పడవచ్చు. దానికి దాని చార్జరే వాడాలి. లోపలి రక్షణ సర్క్యూటు మీ మోటారు లాగే ఆంపియర్లను తట్టుకుంటుందో లేదో బిల్లు మీద రాయించుకోవాలి. 50 ఆంపియర్ల మోటారుకు 50కే ఆగిపోయే బ్యాటరీ ఇస్తే, ఎదురుగాలిలో చెరువు నడిమధ్య ఆగిపోతుంది.

ట్యూబులర్ తీసుకుంటే మూడు అలవాట్లు చేసుకోండి. వాడిన రోజే చార్జింగు పెట్టాలి, ఖాళీగా రెండు రోజులు వదిలితే పలకలకు తెల్లని పొర పట్టి శక్తి తగ్గుతుంది. డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లు వద్దు. చిన్న వోల్టు మీటరు ఒకటి కొనుక్కోండి. పడవ ఆపి కాసేపయ్యాక చూస్తే 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గరకు వస్తే సగం అయినట్టు. అక్కడితో ఆపాలి. చార్జరు ఆంపియర్లు బ్యాటరీ అంకెలో పదో వంతు ఉంటే సరిపోతుంది, 150కి 15. చార్జింగు పెట్టేటప్పుడు లెడ్ బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది, మూసిన గదిలో, బీడీ వెలిగించే చోట పెట్టకండి.

చార్జింగు ఎక్కడ పెడతారన్నది కూడా పెద్ద విషయం. 12 వోల్టుల మోటారుతో షాక్ ప్రమాదం లేదు. కానీ చార్జరుకు వచ్చేది 230 వోల్టులే. చెరువు గట్టు మీద ఏరేటర్ల బోర్డు నుంచి అతుకుల తీగ లాగి, పడవలోనే బ్యాటరీ ఉంచి చార్జింగు పెట్టడం కొన్నిచోట్ల చూస్తున్నాం. తడి కాళ్లతో, తడి నేల మీద చేసే ఆ పని ప్రాణం తీయగలదు. బ్యాటరీని మేత షెడ్డులోకి తెచ్చి, నేలకు ఎత్తుగా బల్ల మీద పెట్టి, ఎర్తింగు, ఆర్‌సీసీబీ ఉన్న లైను నుంచే చార్జింగు పెట్టాలి. కరెంటు లేని జలాశయం ఒడ్డున ఉండేవాళ్లు 335 వాట్ల సోలారు పలక, మంచి ఎంపీపీటీ కంట్రోలరు పెట్టుకుంటే ఎండ బాగా కాసిన రోజు సుమారు ఒక యూనిట్ వస్తుంది. ట్యూబులర్ సగం నింపడానికి దాదాపు అంతే కావాలి. ముసురు పట్టిన వారంలో మాత్రం తెడ్డే దిక్కు.

బిగింపు

మోటారును అమరం వైపు బిగిస్తారు. అక్కడ నిలువుగా, చదునుగా పలక ఉంటే పని సులువు. మన నాటు పడవలు చాలావాటికి అణియం, అమరం రెండూ కోసుగా ఉంటాయి. అలాంటప్పుడు అమరం దగ్గర రెండు పక్కలను కలుపుతూ గట్టి టేకు దుంగను బోల్టులతో బిగించి, దానికి మోటారు తగిలించాలి. మేకులు కొట్టి వదిలేస్తే నెలలో వదులవుతుంది. మోటారు ఎప్పుడైనా ఊడి నీళ్లలో పడకుండా ఒక నైలాన్ తాడు కట్టి ఉంచండి. ఫ్యాను మొత్తం నీటి పైభాగానికి సుమారు అడుగు కింద ఉండాలి, లేకపోతే గాలి లాగి నురగ వస్తుంది గానీ తోపుడు రాదు. చెరువు ఎండిపోయే రోజుల్లో నీరు మూడు అడుగులకు తగ్గితే కడ్డీ పైకి ఎత్తుకునే సదుపాయం ఉండాలి, బురద తగిలితే ఫ్యాను ఆగిపోతుంది.

బ్యాటరీ నుంచి మోటారుకు 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ తగ్గకూడదు. ఇంటి వైరింగు తీగ వేస్తే వేడెక్కుతుంది, దారిలోనే వోల్టేజి పోతుంది. బ్యాటరీ పక్కనే పాజిటివ్ తీగలో 60 ఆంపియర్ల డీసీ బ్రేకరు పెట్టాలి. వల చుట్టుకుని ఫ్యాను ఆగిపోయినప్పుడు కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, అప్పుడు బ్రేకరు ఆపకపోతే తీగ కాలుతుంది. ట్రాక్టరు మెకానిక్కులు అలవాటు కొద్దీ నెగటివ్ తీగను ఇనుప పడవ గోడకు కలిపేస్తారు. అలా చేయనివ్వకండి. రేకు త్వరగా తుప్పు పడుతుంది. రెండు తీగలూ మోటారు దాకా వెళ్లాలి.

బ్యాటరీని పడవ మధ్యలో, ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి పట్టీతో బిగించండి. అమరం దగ్గరే మోటారు, బ్యాటరీ, నడిపే మనిషి ముగ్గురి బరువూ పడితే వెనుక భాగం మునిగి, ముందు భాగం గాలికి లేచి పడవ నిలవదు.

నాచు, గుర్రపు డెక్క, వల

కొల్లేరు ప్రాంతంలో దీన్ని వాడేవాళ్లకు మొదటి శత్రువు గుర్రపు డెక్క. వేళ్లు ఫ్యానుకు చుట్టుకుంటే మోటారు మూలుగుతుంది. వెంటనే ఆపి, బ్యాటరీ తీగ తీసేసి, అప్పుడు చెయ్యి పెట్టండి. స్విచ్ ఆపాం కదా అని చెయ్యి పెట్టి వేళ్లు తెగినవాళ్లు ఉన్నారు. డెక్క దట్టంగా ఉన్న చెరువులో ముందు దాన్ని తీయించండి, మోటారు ఆలోచన తరువాత.

వలవేట చేసేవాళ్లకు ఇంకో బెడద కనిపించకుండా వస్తుంది. సన్నని నైలాన్ దారం ఫ్యాను వెనుక ఇరుసుకు చుట్టుకుని లోపలి సీలును కోసేస్తుంది. నీళ్లు మోటారులోకి వెళ్తాయి. కొన్నాళ్లకు మోటారు చచ్చిపోతుంది, షాపువాళ్లు వారంటీ వర్తించదంటారు. వారానికోసారి నట్టు విప్పి, ఫ్యాను తీసి, దారం ముక్కలు ఉంటే లాగేయండి. ఐదు నిమిషాల పని. వల దగ్గరకు చేరగానే మోటారు ఆపి, పైకెత్తి, తెడ్డుతోనే వల వెంట వెళ్లాలి. మోటారు నడుపుతూ వల తీయాలనుకుంటే వల, మోటారు రెండూ పోతాయి. గట్టు మీద పెట్టి ఊరికే తిప్పి చూపించడం కూడా మానుకోండి. నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి.

ఉప్పునీటి చెరువుల్లో, రొయ్యల సాగులో వాడాలనుకుంటే ఉప్పునీటికని తయారుచేసిన మోటారే అడగాలి. మంచినీటి మోటారు అక్కడ ఎక్కువకాలం నిలవదు. ఉప్పునీటి మోటారుకు కూడా జింకు ముక్క ఒకటి ఉంటుంది, అది ఉప్పుకు తాను అరిగిపోతూ మిగతా భాగాన్ని కాపాడుతుంది. అరిగినప్పుడల్లా మార్చాలి. వాడాక మంచినీటితో కడగాలి.

సముద్రంలో ఈ చిన్న మోటారు పనికిరాదు, అలలను దాటలేదు. అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. మోటారు లేని సంప్రదాయ పడవలకు దాని నుంచి మినహాయింపు ఉంది. ఏ మోటారైనా తగిలించే ముందు, తరువాత మీ పడవను ఏ కోవలో లెక్కిస్తారో మత్స్యశాఖ అధికారిని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఏడాదికి ఎంత పడుతుంది?

మీ ఊళ్లో చెప్పిన ధరలు వేసి ఈ లెక్క మీరే చేసుకోవచ్చు. ఉదాహరణకు మోటారు రూ.30,000, బ్యాటరీ రూ.20,000, చార్జరు, తీగలు, దుంగ, బ్రేకరు కలిపి రూ.15,000 అనుకుందాం. మోటారు, మిగతా సామాను ఐదేళ్లు, బ్యాటరీ మూడేళ్లు వస్తాయనుకుంటే ఏడాదికి రూ.6,000, రూ.3,000, సుమారు రూ.6,700. మరమ్మతులకు రూ.2,000. రోజుకు రెండు యూనిట్లు, 250 రోజులు, యూనిట్ రూ.5 చొప్పున కరెంటుకు రూ.2,500. మొత్తం రూ.20,000 దాటుతుంది. వాడిన ఒక్కో రోజుకు రూ.80 పైచిలుకు. అప్పు చేసి కొంటే వడ్డీ అదనం.

పది రోజులు రాసిన కాగితం ఇప్పుడు తీయండి. మిగిలే సమయం వల్ల రోజుకు రూ.80 నిజంగా చేతికి వస్తుందా? అంటే ఒక కూలీ పూట తగ్గుతుందా, అదే మనిషి ఇంకో చెరువు కూడా చూడగలడా, వేటకు ఇంకో వల ఎక్కువ వేయగలరా? వస్తుందంటే కొనండి. కౌలు చెరువు రైతులకు ఒక సౌకర్యం ఉంది. గట్లకు, తూములకు పెట్టిన డబ్బు కౌలు ముగిస్తే అక్కడే ఉండిపోతుంది, మోటారు మీతో వస్తుంది.

కూలీ తగ్గించుకుందామని ఒంటరిగా పడవ ఎక్కడం మాత్రం వద్దు. మోటారు ఉన్నా చెరువులో, జలాశయంలో ఇద్దరు ఉండాలి. ఇద్దరికీ లైఫ్ జాకెట్లు ఉండాలి. వాటి ధరను కూడా పై లెక్కలో కలపండి.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద వ్యక్తిగత యూనిట్లకు సాధారణ వర్గాలకు యూనిట్ ఖర్చులో 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం రాయితీ ఉంటుంది. అయితే ఏ సామానుకు ఇస్తారన్నది ఆ ఏడాది జాబితాను బట్టి ఉంటుంది. రాయితీ వస్తుందని షాపువాళ్లు చెబితే దాన్ని పట్టుకుని ముందే కొనేయకండి. మీ గ్రామ మత్స్య సహాయకుడిని గానీ, మత్స్యశాఖ అభివృద్ధి అధికారిని గానీ కలిసి, మంజూరు కాగితం చేతికి వచ్చాకే బిల్లు చేయించండి. చేపల రైతులకు, మత్స్యకారులకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తున్నారు. కానీ అది మేత, పిల్ల వంటి నడుస్తున్న ఖర్చులకు తీసుకున్న డబ్బు. దాన్ని మోటారుకు పెట్టేస్తే మేతకు దళారి దగ్గర చెయ్యి చాపాల్సి వస్తుంది.

కొనడానికి నిశ్చయించుకుంటే ఒకరోజు మీ పడవకే బిగించి చూపించమనండి. పూర్తి మేత బరువుతో, గాలి ఉన్న మధ్యాహ్నం పూట, ఎదురుగాలి వైపు నడిపి చూడండి. గంట తరువాత మోటారు తల, తీగల చివరలు చేత్తో పట్టుకుని చూడండి, చెయ్యి నిలవనంత వేడి ఉండకూడదు. వోల్టు మీటరు ఎంత చూపిస్తోందో రాసుకోండి. ఫ్యాను, పిన్నులు, సీలు, వేగం మార్చే బోర్డు విడిగా దొరుకుతాయో లేదో, ఎన్నాళ్లలో తెప్పిస్తారో అడగండి. పరీక్షకు ఒప్పుకోని షాపులో కొనకండి.

పట్టుబడి అయ్యాక చెరువు ఎండబెట్టే రోజుల్లో మోటారు విప్పి, తుడిచి, నీడలో నిలువుగా వేలాడదీయండి. ట్యూబులర్ బ్యాటరీని నిండా చార్జి చేసి పెట్టి, వాడకపోయినా నెలకోసారి మళ్లీ చార్జింగు పెట్టండి. లిథియం బ్యాటరీని సగానికి కాస్త పైగా చార్జి ఉంచి, మేత షెడ్డు రేకుల వేడికి దూరంగా ఇంట్లో పెట్టుకోండి.